స్వతంత్ర కవి తన రచనా జీవితాన్ని పాఠకులతో ఎంతవరకు పంచుకోవచ్చు?

ప్రశ్న: ఉప్పుగాలి

సభ్యులందరికీ నమస్కారం. నేను టెక్కలి ప్రాంతంలో ఉంటూ కవితలు, కథలు రాస్తున్నాను. కొన్ని రచనలు ఆదివారం అనుబంధాల్లోనూ అంతర్జాల పత్రికల్లోనూ అచ్చయ్యాయి. ఏ రచయితల సంఘంలోనూ నాకు సభ్యత్వం లేదు. అందుకు ఎవరి మీదా కోపం కారణం కాదు. సభలు జరిగే ఊళ్ళకు దూరంగా ఉండడం వల్ల ఆ అలవాటే కాలేదు. నా పుస్తకం వేస్తామని ముందుకు వచ్చిన ప్రచురణకర్త కూడా ఇంతవరకు లేరు.

కొంతకాలంగా ఒక ఆలోచన మనసులో తిరుగుతోంది. నెలకొకసారి పాఠకులకు ఒక ఉత్తరం రాయాలని ఉంది. అందులో ఒక కొత్త కవిత ఉంటుంది. దానితోపాటు ఒక కథ ఎలా మొదలైంది, మధ్యలో ఎక్కడ ఆగిపోయింది, ఏ పేరాను కొట్టివేశాను, ఆ నెలలో ఏం చదివాను అన్న విషయాలు ఉంటాయి. వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో పంపుతూ, కోరినవారికి కాగితం మీద పోస్టులో కూడా పంపాలనుకుంటున్నాను.

ఈ ఆలోచన ఎందుకు కలిగిందో చెబుతాను. నౌపడ ఉప్పుమళ్ళ మీద రాసిన కవితలో 'ఉప్పుమడిలో చంద్రుడు కరిగిపోతున్నాడు' అనే పాదం ఒకటి ఉండేది. నాకు అది చాలా ఇష్టమైన పాదం. అక్కడే పనిచేసే ఒక పెద్దాయనకు ఆ కవిత చదివి వినిపించినప్పుడు, ఆయన మర్యాదగా చివరిదాకా విని, 'మడిలో ఉప్పు కరిగిందంటే వాన పడినట్టు బాబూ, ఆ ఏటి కష్టం నీళ్ళపాలైనట్టు' అన్నారు. ఎండకూ గాలికీ నీరు ఇగిరి ఉప్పు పేరుకోవడమే వారికి పంట. కరగడం వారికి నష్టం. నేను పాదాన్ని 'చంద్రుడు తెల్లగా పేరుకుంటున్నాడు' అని మార్చాను. క్రియ మారడంతో ఆ తరువాత వచ్చే దుఃఖపు పాదాలేవీ అతకలేదు, సగం కవితను తిరిగి రాయవలసివచ్చింది. ఇలాంటి శ్రోతలు ఇంకొందరు దొరికితే బాగుంటుందని అప్పుడు అనిపించింది.

అయితే సందేహాలున్నాయి. ఉత్తరంలో పంపిన కవితను పత్రికలు ఆ తరువాత స్వీకరిస్తాయా? చిత్తుప్రతులు చూపిస్తే రచన పలుచనవుతుందా? మా ఊరివాళ్ళ జీవితాల నుంచి కథలు తీసుకుంటాను కాబట్టి, వాటి పుట్టుక గురించి రాస్తే ఆ మనుషులకు ఇబ్బంది కలుగుతుందేమో. చివరిగా, దీనికి పాఠకుల నుంచి చందా అడగడం తప్పా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: పాతప్రూఫు

నేను ఒక చిన్న సాహిత్య పత్రిక పనిలో చాలాకాలం ఉన్నవాడిని కనుక మీ మొదటి సందేహానికి మాత్రమే సమాధానం చెబుతాను.

రచనతో జతచేయమని పత్రికలు అడిగే హామీపత్రంలో సాధారణంగా ఉండే మాటలు మీకు తెలిసే ఉంటాయి: ఈ రచన నా సొంతం, దేనికీ అనువాదం గాని అనుకరణ గాని కాదు, ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదు, వేరే పత్రిక పరిశీలనలో లేదు. 'ఎక్కడా' అన్న చోట ఇప్పుడు చాలా పత్రికలు సామాజిక మాధ్యమాలను, బ్లాగులను, వాట్సాప్ సమూహాలను పేరుపెట్టి మరీ చేరుస్తున్నాయి. మీ ఉత్తరం ఇరవైమందికే వెళ్ళినా, అందులో పూర్తి కవిత ఉంటే హామీపత్రం మీద సంతకం చేయడం నిజాయితీ కాదు. సంపాదకుడు పట్టుకుంటాడా లేదా అన్నది వేరే ప్రశ్న. పట్టుకుంటే మాత్రం ఆ తరువాత మీరు పంపిన కవరు తెరవడానికి ఆయనకు ఉత్సాహం ఉండదు.

కాబట్టి పత్రికకు పంపదలచిన కవితను ఉత్తరంలో పెట్టకండి. అచ్చయిన కవితను, ఏ పత్రికలో ఎప్పుడు వచ్చిందో తెలిపి, ఆ తరువాతి నెల ఉత్తరంలో పెట్టండి, దాని వెనుక జరిగిన పనిని అప్పుడు చెప్పండి. పత్రికలకు పంపే ఉద్దేశం లేని కవితలు ప్రతి కవి దగ్గరా ఉంటాయి, అవి నేరుగా ఉత్తరానికి పనికివస్తాయి. నిజానికి మీరు రాసిన ఆ ఉప్పుమడి సంగతి కవితకంటే ఎక్కువ మంది చదువుతారని నా అనుమానం. దానికి ఏ సంపాదకుడి అనుమతీ అక్కర్లేదు.

హక్కుల విషయంలో ఒక మాట. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, రచన కాగితం మీదికి వచ్చినప్పుడే దాని మీద హక్కు రచయితకు వస్తుంది; నమోదు చేయించుకోవడం తప్పనిసరి కాదు. ఆ హక్కు రచయిత జీవితకాలమంతా, మరణం తరువాత 60 సంవత్సరాల వరకు ఉంటుంది. ఉత్తరంలో పంపినంత మాత్రాన, ఫేస్‌బుక్‌లో పెట్టినంత మాత్రాన మీ హక్కు పోదు. అయితే కథలు ప్రచురించే యాప్‌లలో ఖాతా తెరిచేటప్పుడు అంగీకరించే నిబంధనలను ఓపికగా చదవండి. శ్రవ్యరూపం, అనువాదం, దృశ్యరూపం వంటి హక్కులను మనం చదవకుండానే అప్పగించే సందర్భాలు అక్కడే వస్తాయి.

జవాబు: అవధానప్రియ

చిత్తుప్రతి చూపిస్తే రచన పలుచనవుతుందన్న భయం మన సంప్రదాయంలోంచి వచ్చినది కాదని నా అభిప్రాయం. అష్టావధానంలో జరిగేది ఏమిటి? పద్యం పుట్టడాన్ని సభ మొత్తం కళ్ళారా చూస్తుంది. నిషిద్ధాక్షరిలో కవి ఒక అక్షరం పలికిన వెంటనే పృచ్ఛకుడు (కవిని పరీక్షించేవాడు) తరువాతి అక్షరాన్ని నిషేధిస్తాడు. కవి మనసులో అనుకున్న పదం పోయి మరో పదం రావడం అందరికీ తెలుస్తూనే ఉంటుంది. దత్తపదిలో ఇచ్చిన పదాలు పద్యంలో ఎక్కడ ఇముడుతాయా అని శ్రోతలు కవితోపాటే వెతుక్కుంటారు. ఆ సభల్లో పద్యానికి గౌరవం తగ్గలేదు సరికదా, జంటగా అవధానాలు చేసిన తిరుపతి వెంకట కవుల కాలంలో ఊరూరా అవధానాలను చూడటానికి జనం కదలివచ్చారు.

ఆ జంటలోని చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు (1870–1950) తరువాతి కాలంలో చేసిన పని మీకు ఇంకా దగ్గరగా ఉంటుంది. తన గురువుల గురించి, సంస్థానాల్లో ఎదురైన వాదాల గురించి, శతావధానాల వెనుక జరిగిన ముచ్చట్ల గురించి ఆయన పత్రికల్లో రాసిన వ్యాసాలు 'కథలు–గాథలు'గా వెలువడ్డాయి. ఒక సంగతి మొదలుపెట్టి, దారిలో మరో రెండు సంగతుల్లోకి వెళ్ళి, చివరికి మొదటిదాని దగ్గరకు వస్తారో రారో అన్న ఉత్కంఠలో పాఠకుణ్ణి పెట్టే వచనం అది. కవి తన రచనా జీవితాన్ని పాఠకులకు ఎలా చెప్పవచ్చో అంతకంటే మంచి నమూనా నాకు తెలియదు. అందులో ఆయన గొప్పలు చెప్పుకోలేదని అనను. చెప్పుకున్నారు, దండిగానే చెప్పుకున్నారు. కానీ ప్రతి గొప్ప వెనుక ఒక మనిషి, ఒక ఊరు, ఒక పద్యం ఉంటాయి కాబట్టి విసుగనిపించదు.

ఒక భేదాన్ని మాత్రం గమనించండి. అవధానంలో పద్యం ఆ సభలోనే పూర్తవుతుంది. మీ కథ పూర్తి కావడానికి నెలలు పట్టవచ్చు. పూర్తికాని కథ గురించి నలుగురికీ చెబితే, చెప్పడంలోనే దాని మీద ఉన్న ఆరాటం తీరిపోయి, తిరిగి కూర్చుని రాయాలన్న పట్టుదల సడలుతుంది. నాకు తెలిసిన ఒకరిద్దరు మంచి కథకులు ఇలా చెప్పి చెప్పి రాయడం మానేశారు. కవిత చిత్తుప్రతిని చూపించండి, కథ చిత్తుప్రతిని మాత్రం కథ అచ్చయ్యేదాకా దాచుకోండి.

జవాబు: ప్రొద్దుటూరు పాఠకురాలు

పైన రాసిన పెద్దలందరూ రచయితల వైపు నుంచి మాట్లాడారు. నేను ఒక్క పంక్తి కూడా రాయను, చదువుతాను. ఆ వైపు నుంచి నాకున్న అభ్యంతరాలను కొంచెం కఠినంగానే చెబుతాను, ఉప్పుగాలి గారు మన్నించాలి.

సామాజిక మాధ్యమాల్లో నేను అనుసరించిన కవుల్లో సగం మందిని వదిలేశాను. వారి కవిత్వం బాగోలేకపోవడం దానికి కారణం కాదు. రచనా జీవితం పేరుతో వారు పంచుకుంటున్నదంతా సన్మానపు శాలువాలు, జ్ఞాపికలు, పురస్కార ప్రకటనలు, ఆవిష్కరణ సభ ఆహ్వానపత్రాలు, కాఫీకప్పు పక్కన తెరిచిపెట్టిన నోటుబుక్కు ఛాయాచిత్రాలు. ఆ నోటుబుక్కులో ఏముందో మాత్రం ఎప్పుడూ కనబడదు. మిత్రులు కింద 'అద్భుతం', 'హృదయాన్ని తాకింది' అని రాస్తారు. వచ్చే వారం ఆ మిత్రుల కవిత కింద ఈయన అదే రాస్తారు. ఆ ఇచ్చిపుచ్చుకోవడంలో పాఠకుడికి చోటు లేదు.

మీ ప్రశ్నలో నన్ను ఆపింది ఆ ఉప్పుమడి పాదం. ఎందుకంటే అక్కడ ఒక శ్రోత మీతో విభేదించాడు, మీరు ఆయన మాట విన్నారు, దానివల్ల కవిత మారింది. నెలకొక ఉత్తరం రాస్తే అలాంటివే రాయండి. 'నేను ఈ పదం దగ్గర మూడు రోజులు ఆగిపోయాను' అని చెప్పి ఊరుకుంటే నాకు ఉపయోగం లేదు. ఆ పదం ఏమిటో, దాని స్థానంలో ఏమేమి ప్రయత్నించారో, అవి ఎందుకు కుదరలేదో చెబితే మరుసటి కవితను నేను ఇంకొంచెం బాగా చదవగలుగుతాను. మీరు చదివిన పుస్తకం గురించి రాసేటప్పుడు కూడా 'తప్పక చదవండి' అనకుండా, నచ్చని చోటు ఒక్కటైనా చూపించండి.

రెండో విషయం. మీకు జవాబు రాయడానికి నాకు దారి ఉండాలి. వాట్సాప్ చానల్ పెడితే మీరు చెబుతారు, మేము బొటనవేలు గుర్తు పెడతాము, అంతటితో సరి. ఉత్తరం అన్నారు కాబట్టి ప్రత్యుత్తరానికి చిరునామా కూడా ఇవ్వండి. వచ్చిన జవాబుల్లో మీతో ఏకీభవించనిదాన్ని, రాసినవారి అనుమతితో, తరువాతి ఉత్తరంలో వేయండి. పొగడ్తలు వేయనక్కర్లేదు.

జవాబు: సొంతఅచ్చు

ఖర్చు, పంపిణీ సంగతులు ఎవరూ ముట్టుకోలేదు కనుక అవి నేను రాస్తాను. నా పుస్తకాలు నేనే వేసుకుంటాను.

కాగితం ఉత్తరం అనుకున్నంత భారం కాదు. రెండు ఏ4 కాగితాలకు రెండువైపులా అచ్చువేసి మడిచి కవరులో పెడితే 20 గ్రాములు దాటదు. మామూలు పోస్టులో 5 రూపాయల తపాలా బిళ్ళ సరిపోతుంది. యాభైమందికి పంపినా పోస్టు ఖర్చు 250 రూపాయలే. ఆలస్యంగా చేరినా, ఒకటి రెండు చేరకపోయినా ఉత్తరమే కనుక మునిగేదేమీ లేదు.

పుస్తకాల దగ్గరే చిక్కు వచ్చింది. 2024 డిసెంబరులో తపాలాశాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్టును ఎత్తివేయడంతో, తక్కువ వెలకు పుస్తకాలు అమ్ముకునే మాలాంటివారు, పుస్తకం వెలకు దగ్గరగా పోస్టు ఖర్చు పెట్టవలసి వచ్చి చాలా ఇబ్బంది పడ్డాము. 2025 మే 1 నుంచి పుస్తకాల కోసం 'జ్ఞాన్ పోస్ట్' అనే సేవ మొదలైంది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100 రూపాయలు, పన్నులు అదనం. ఎక్కడిదాకా వెళ్ళిందో ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ముద్రాపకుల పేరో ఉండాలి. వాణిజ్య ప్రకటనల సామగ్రికి ఇది వర్తించదు. కొన్ని చిన్న పోస్టాఫీసుల్లో ఈ సేవ గురించి మనమే చెప్పవలసి వస్తుంది, వెళ్ళేటప్పుడు తపాలాశాఖ ఆదేశం ప్రతిని ఫోనులో ఉంచుకోండి.

ఉత్తరాలు కొన్నేళ్ళు సాగితే వాటినే పుస్తకంగా తేవచ్చు. అందుకోసం మొదటి రోజు నుంచే యూనికోడ్‌లో (ఏ కంప్యూటర్లోనైనా, ఫోనులోనైనా చదవగలిగే అక్షర పద్ధతిలో) టైపు చేయండి. మన డీటీపీ కేంద్రాల్లో చాలావరకు ఇంకా యూనికోడ్ కాని 'అను' అనే పేరుగల ఫాంట్లతోనే పేజీలు కడతారు. అచ్చుకు అది అందంగానే ఉంటుంది గాని, ఆ ఫైలును మరోచోట తెరిస్తే అక్షరాల బదులు అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. వెతికితే దొరకదు, ఈ-పుస్తకంగా మార్చాలంటే మళ్ళీ మార్పిడి, మళ్ళీ ప్రూఫులు. మార్పిడి చేసినప్పుడు ఒత్తులు తారుమారై ఎన్ని తప్పులు దొర్లుతాయో ఒకసారి చూసినవారికి తెలుస్తుంది.

పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య ఐఎస్‌బీఎన్‌కు ఎవరికీ డబ్బు ఇవ్వవద్దు. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ దాన్ని ఉచితంగా ఇస్తుంది, రచయిత స్వయంగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. పుస్తకం అచ్చయ్యాక 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి, చెన్నై, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కొక్క ప్రతి 30 రోజుల్లోపు పంపాలి. చాలామంది సొంత ప్రచురణకర్తలు దీన్ని పట్టించుకోరు. మీరు శ్రీకాకుళం జిల్లావారు కనుక కథానిలయానికి ఒక ప్రతి ఇవ్వడం మరువకండి. కాళీపట్నం రామారావుగారు 1997లో ప్రారంభించిన ఆ నిలయంలో తెలుగు కథలన్నిటినీ ఒకచోట చేర్చే పని జరిగింది. మీ కథలు వచ్చిన పత్రికల సంచికలు మీ దగ్గర మిగిలి ఉంటే అవీ తీసుకువెళ్ళండి.

ఆవిష్కరణ సభకు హాలు, ఫ్లెక్సీ, ముఖ్య అతిథి అంటూ పుస్తకం అచ్చుకైనంత ఖర్చు పెట్టేవారిని చూశాను. తిరుగుబాటు కవులుగా పేరుపడ్డ దిగంబర కవులు తమ మొదటి సంపుటిని 1965 మే 6 అర్ధరాత్రి హైదరాబాదులో నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. మీరు అర్ధరాత్రి దాకా ఆగనక్కర్లేదు గాని, ముఖ్య అతిథి కోసం విశాఖపట్నం నుంచి కారు మాట్లాడే ముందు ఒకసారి ఆలోచించండి.

జవాబు: గొంతుకథ

నేను బడుల్లో, గ్రంథాలయాల్లో కథలు చెబుతాను. ఊరివాళ్ళ జీవితాల నుంచి కథలు తీసుకోవడం గురించి మీరు అడిగినది అందరూ దాటవేశారు. ఈ నాలుగు సందేహాల్లో నిజంగా బరువైనది అదేనని నేను అనుకుంటున్నాను.

కథలో మీరు పేరు మారుస్తారు, ఊరు మారుస్తారు, ఇద్దరు మనుషులను ఒకరిగా చేస్తారు. ఆ మరుగు వల్లనే కథ సాధ్యమవుతుంది. తరువాత నెల ఉత్తరంలో 'ఈ కథ మా వీధిలో జరిగిన సంఘటన నుంచి పుట్టింది' అని రాయగానే ఆ మరుగును మీరే తొలగించినట్టవుతుంది. మీ పాఠకులకు ఆ వీధి తెలియకపోవచ్చు, మీ వీధివాళ్ళకు తెలుసు. వాట్సాప్ సందేశం ముందుగా చేరేది అక్కడికే. ముఖ్యంగా ఆడపిల్లల పెళ్ళిళ్ళు, భూమి తగాదాలు, కులాంతర ప్రేమలు మూలంగా ఉన్న కథల విషయంలో పుట్టుక గురించి ఒక్క మాట కూడా వద్దు. అలాంటి కథ గురించి రాయాలనిపిస్తే దాని నిర్మాణం గురించి రాయండి: ఎవరి నోట చెప్పించారు, ఎక్కడ మొదలుపెట్టారు, ముగింపును ఎందుకు రెండు పేరాల ముందుకు జరిపారు అని.

అలాగే ఆ ఉప్పుమడి పెద్దాయన మాటను మీరు ఉత్తరంలో వాడుకోదలిస్తే, ఆయనకు చెప్పి వాడుకోండి. అది ఆయన చేసిన సంపాదకత్వం.

మరో సూచన. ఉత్తరంతోపాటు మీ గొంతులో చదివిన శ్రవ్యరూపాన్ని కూడా పంపండి. మీ కథల్లో కళింగాంధ్ర (ఉత్తరాంధ్ర) మాట ఉంటే, ఆ యాసను కాగితం మీద చదివే గుంటూరు పాఠకుడు తన పద్ధతిలో పలుకుకుని సగం లయ పోగొట్టుకుంటాడు. మీ జిల్లాల గడ్డ మీదే ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) తాను రాసిన హరికథలను తానే పాడి, ఆడి, మధ్యలో పిట్టకథలు చెప్పి జనాన్ని కూర్చోబెట్టారు. రాసేవాడూ చెప్పేవాడూ ఒకరే కావడం అక్కడ కొత్త సంగతేమీ కాదు. ఖరీదైన పరికరాలు అవసరం లేదు. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, పరుపో దుప్పట్లో ఉన్న గదిలో కూర్చుని ఫోనులో రికార్డు చేస్తే ప్రతిధ్వని రాదు. పది నిమిషాలు మించనివ్వకండి. తప్పు చదివితే ఆ వాక్యాన్ని మొదటి నుంచి చదవండి, పదం దగ్గర నుంచి అందుకుంటే అతుకు వినబడుతుంది.

ఉప్పుగాలి

అందరికీ కృతజ్ఞతలు. పాతప్రూఫు గారు చెప్పినట్టు, పత్రికకు పంపే కవితలను అచ్చయ్యేదాకా ఉత్తరంలో పెట్టను. కథల పుట్టుక గురించి గొంతుకథ గారి మాటను పూర్తిగా స్వీకరిస్తున్నాను. మొదటి ఉత్తరం కోసం రాసుకున్న ఒక పేరాను ఇప్పుడే తీసివేశాను. అవధానప్రియ గారితో ఒక్కచోట విభేదిస్తాను. పూర్తికాని కథ గురించి అందరికీ చెప్పకూడదన్నది సరే, కానీ ఒక్కరికైనా చెప్పకుండా నాకు కథ ముందుకు సాగదు. మా అక్కకు చెబుతాను. ఆమె 'తరువాత?' అని అడిగిన చోట కథ బతికి ఉన్నట్టు, లేచి పొయ్యి దగ్గరకు వెళ్ళిన చోట చచ్చిపోయినట్టు నా లెక్క.

చందా సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

సొంతఅచ్చు

వాట్సాప్, ఈమెయిల్ ఉత్తరానికి అడగకండి. కాగితం ఉత్తరానికి అడగండి. అచ్చుకు, కవరుకు, బిళ్ళకు అయ్యే ఖర్చును లెక్కవేసి, దాని మీద కొంత చేర్చి, ఏడాదికి ఒకేసారి తీసుకోండి. నెలనెలా తీసుకుంటే ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో చూసుకోవడానికే మీ సమయం సరిపోతుంది. మన దగ్గర కవులు పుస్తకం వేసి 'ప్రేమతో' అని సంతకం పెట్టి ఉచితంగా పంచడం ఎంతగా అలవాటైందంటే, డబ్బు అడిగితే మిత్రులే ఆశ్చర్యపోతారు. ఆశ్చర్యపోనివ్వండి. ఎన్ని ఉత్తరాలు ఇస్తామన్నారో అన్నీ ఇవ్వండి, ఒక నెల రాయలేకపోతే తరువాతి నెల రెండు పంపండి.

ప్రొద్దుటూరు పాఠకురాలు

కాగితం ఉత్తరానికి నేను చందా కడతాను. అయితే మీ అక్కగారు లేచి వెళ్ళిపోయిన కథల గురించి కూడా అప్పుడప్పుడూ రాయాలి.